అరవై ఎనిమిది గ్రాముల నేల

నేల మీద పడుకోవడం అనేది ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసుకునే పని కాదు. ఈ సత్యాన్ని గ్రహించడానికి మానవజాతికి కొన్ని వేల ఏళ్ళు పట్టింది. గ్రహించిన మర్నాడే పర్వత విశ్రాంతి నియంత్రణ మండలి ఏర్పాటైంది. అంతకుముందు జనం కొండెక్కి, పొద్దుగూకితే ఎక్కడో ఒకచోట నడుం వాల్చి, తెల్లారాక బట్టలు దులుపుకుని దిగొచ్చేవారు. (అప్పట్లో ఎవరు ఏ కొలత పట్టా మీద పడుకున్నారో చెప్పే రికార్డు ఒక్కటీ లేదు. మండలి వార్షిక నివేదికలో ఆ కాలానికి “అంధకార యుగం” అని పేరు.) ఇప్పుడా అరాచకం పోయింది. కొండ మీద ఒక్క రాత్రి పడుకోవాలంటే యాప్ ఉంది, నలభై ఒక్క నిబంధనలున్నాయి, మూడు కౌంటర్లున్నాయి, వాటిలో రెండు తెరిచి కూడా ఉంటాయి.

ఇంత చక్కటి ఏర్పాటు మధ్యలోకి ఒక వదిన, ఒక ఆడపడుచు వచ్చిపడ్డారు.

వదిన పరదాలు కుట్టే మనిషి. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కిటికీని ఒకసారి ఎగాదిగా చూసిందంటే, టేపు తీయకుండానే ఎన్ని మీటర్ల గుడ్డ పడుతుందో చెప్పేస్తుంది. ఆడపడుచు అంటే ఆమె భర్త చెల్లెలు. ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా నిలబడి, కిందటేడే రిటైరైంది. నిలబడి అన్నది మాటవరసకు అన్నది కాదు. ఆ ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆమె కూర్చున్న సమయమంతా పోగేస్తే ఒక పెళ్ళి భోజనానికి కూడా చాలదు. దాంతో కుడి మోకాలు అరిగిపోయింది. ఇరవై రెండో తారీఖున ఆపరేషన్. ఆ తారీఖు వదులుకుంటే మళ్ళీ వరస వచ్చేది ఏడాదిన్నరకని ఆసుపత్రివాళ్ళు తేల్చి చెప్పారు. ఆపరేషన్ అయ్యాక చదునైన చోట హాయిగా నడవచ్చునట, కొండల సంగతి మాత్రం మరిచిపోవాలట.

చిక్కంతా అక్కడే ఉంది. ఆమె బస్సుకి ఆఖరి స్టాపు కొండ కిందే. ముప్పై ఏళ్ళూ రోజుకు నాలుగుసార్లు అక్కడిదాకా వెళ్ళింది, పది నిమిషాలు ఆగింది, వెనక్కి తిరిగింది. కొండకి అటువైపు ఏముందని దిగొచ్చిన ప్రయాణికులను అడిగేది. ఒకాయన పెద్ద చెరువుందన్నాడు. ఒకావిడ చెరువూ లేదు గిరువూ లేదు, అంతా గడ్డే అంది. ఇంకొకడు అటువైపు ఇంకో కొండ ఉందన్నాడు గానీ, టికెట్టు తీసుకోకుండా మాట మళ్ళిస్తున్నాడని ఆమె వాణ్ణి నమ్మలేదు. ఆపరేషన్‌లోగా ఒక్కసారి పైకెళ్ళి, ఒక్క రాత్రి పడుకుని, పొద్దున్నే లేచి అటువైపు తన కళ్ళతో చూసి రావాలి. ఆమె కోరికల్లా అదొక్కటే.

“నువ్వు తోడొస్తే వెళ్తాను వదినా. లేదంటే అన్నయ్యని తీసుకెళ్ళాలి. అన్నయ్యయితే లిఫ్టు ఎటువైపుందని అడుగుతాడు,” అంది.

డాక్టరు ఒప్పుకున్నాడు గానీ, వీపు మీద బరువు నాలుగు కిలోలు మించరాదని కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. నాలుగుంపావు అయితే ఏమవుతుందని ఆడపడుచు అడిగింది. ఏమవుతుందో చూడాలని తనకు లేదన్నాడాయన. మండలివారి తొమ్మిదో నిబంధన ప్రకారం ఆ కాగితాన్ని యాప్‌లో ఎక్కించాలి. ఎక్కించాక సామాను మొత్తం బరువు నాలుగు కిలోలు దాటిందా, దరఖాస్తు ఎర్రబడి అక్కడే ఆగిపోతుంది.

పోనీ వదిన కాస్త ఎక్కువ మోస్తే సరిపోదా అంటే, సరిపోదు. పదిహేడో నిబంధన చూడండి: “ఒకే గుడారమందు శయనించు ఇద్దరిలో ఒకరు పైకప్పును, మరొకరు నేలను మోయవలెను. ఒకరి వాటాను వేరొకరు మోసినచో అది లైసెన్సు లేని కూలిపనిగా పరిగణింపబడును.” పైకప్పు అంటే టెంటు. నేల అంటే టెంటు కింద పరిచే అడుగుపట్టా. రాళ్ళూ ముళ్ళూ టెంటును చింపకుండా, కింది తడి పైకి రాకుండా కాపాడేది అదే. అడుగుపట్టా లేని దరఖాస్తును యాప్ ముట్టుకోనైనా ముట్టుకోదు. టెంటు బరువుగా ఉంటుంది కాబట్టి అది వదిన తీసుకుంది. నేల ఆడపడుచు వాటాకి వచ్చింది.

షాపులో దొరికే అడుగుపట్టా నాలుగు వందల ఎనభై గ్రాములుంది. ఆడపడుచు మిగతా సామానంతా వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే మూడు కిలోల తొమ్మిది వందల ముప్పై గ్రాములు తేలింది. అది కూడా ఊరికే తేలలేదు. పళ్ళబ్రష్షు పిడి సగానికి కోసేసింది, సంచికి వేలాడే పట్టీలన్నీ కత్తిరించేసింది, చొక్కా బొత్తాలు కూడా రెండు పీకేస్తానంటే వదినే చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆగవే తల్లీ, నీ వరస చూస్తే చొక్కా కూడా ఇక్కడే వదిలేసి వెళ్ళేట్టున్నావు. పట్టా సంగతి నాకొదిలెయ్.”

చలిగాలి దూరకుండా కిటికీ చట్రానికి లోపలినుంచి అంటించే పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటుంటుంది. పరదాలు తగిలించడానికి వెళ్ళిన ఇళ్ళలో వదిన అది కూడా బిగించి వస్తుంది కాబట్టి, మిగిలిన చుట్ట ఇంట్లోనే ఉంది. చూడ్డానికి ఉల్లిపొరలా ఉంటుంది గానీ, చింపబోతే గోళ్ళు విరుగుతాయి. వదిన ముందుగదిలో కుట్టుమిషన్ గోడవైపుకి జరిపి, టెంటు పరిచి, దాని మీద పొర పరిచింది. చుట్టూ అంచుకి రెండు వేళ్ళు లోపలగా గీత గీసి, పెద్ద కత్తెరతో ఒక్క ఊపున కోసేసింది. మూలలకు టేపు రెండు మడతలు వేసి, మేకులు దూర్చుకోవడానికి పరదా నాడా ముక్కలు నాలుగు ఉంగరాల్లా కుట్టింది.

“ఇదేంటి వదినా, టెంటు కంటే చిన్నదైపోయింది? కొలత తప్పావా?”

“నలభై ఏళ్ళలో ఎవరిదగ్గరా తప్పలేదు, నీ దగ్గర తప్పుతానా? టెంటు కంటే బయటికొచ్చిందనుకో, వాన నీళ్ళు దాని మీద పడి తిన్నగా నీ నడుం కిందికి చేరతాయి. అందుకే చుట్టూ రెండు వేళ్ళు తగ్గాలి.”

స్నానాలగదిలో నీళ్ళు పోసి, పట్టా పరిచి, ఇద్దరూ దాని మీద గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. లేచి చూస్తే చీర అంచు కూడా తడవలేదు. త్రాసు మీద పెడితే అరవై ఎనిమిది గ్రాములు. మొత్తం కలిపితే నాలుగు కిలోలకు రెండు గ్రాములు తక్కువ.

“ఇంకా రెండు గ్రాములు మిగిలాయి వదినా!” అని ఆడపడుచు చప్పట్లు కొట్టింది.

“అయితే చొక్కాకి ఇంకో బొత్తాం కుట్టమంటావా?” అంది వదిన. అంది గానీ, ఆమెకీ లోలోపల సంబరంగానే ఉంది. ఎన్నో ఇళ్ళకు ఎన్నెన్నో పరదాలు కుట్టింది, అవన్నీ బయటిది కనపడకుండా మూసేవే. చూడ్డానికి పనికొచ్చేది కుట్టడం ఆమెకిదే మొదలు.

నెల మొదటి తారీఖున ఇద్దరూ యాప్ తెరిచి కూర్చున్నారు. పదిహేనో తారీఖు రాత్రికి కొండ మీద చోటు ఖాళీగా ఉంది. పేర్లు, బరువులు, డాక్టరు కాగితం అన్నీ నిమిషాల్లో ఎక్కిపోయాయి. “అడుగుపట్టా తయారీదారు” అన్నచోట రెండు వందల పన్నెండు కంపెనీల జాబితా వచ్చింది. ఎదురింటి ఫోటోగ్రాఫరు ముందే చెప్పి ఉన్నాడు, మొదటి పేరు నొక్కేసి ముందుకెళ్ళిపోండి, అందరూ చేసేదదే, ఎవడూ చూడడు అని. వదిన వేలు మొదటి పేరు మీదకు వెళ్ళనే వెళ్ళింది.

“ఆగు వదినా. అది అబద్ధం కదా?”

“ఎవడు చూస్తాడే?”

“నేను చూస్తాను కదా. టికెట్టు లేని వాళ్ళని ఎంతమందిని దింపేశానో నాకే గుర్తులేదు. ఒకసారి మా అన్నయ్యనే దింపాను.”

“ఆ సంగతి నాకు తెలీకపోతే కదా! ఆ మధ్యాహ్నమంతా ఇంటిదాకా నడిచొచ్చి, నీ మీది కోపం నా మీద తీర్చుకున్నారు మహానుభావుడు.”

ఆడపడుచు జాబితా అట్టడుగుకి వెళ్ళి “ఇతరులు” అన్న మీట నొక్కింది. (ఆ మీట నొక్కిన మొట్టమొదటి పౌరురాలు ఆమేనని తర్వాత తెలిసింది. దాన్ని పెట్టినవాళ్ళు జాబితా కింద బోసిగా ఉంటుందని పెట్టారట.) యాప్ కాసేపు గిర్రున తిరిగి, తెర మీద కాగితపు పూలు చల్లి, ఇలా ప్రకటించింది: “అభినందనలు! మీరిప్పుడు తయారీ సంస్థ. సరుకుతో సహా మూడో కౌంటరుకు రండి.”

మూడో కౌంటరు అంటే ఎప్పుడూ మూసి ఉండేది. వీళ్ళు వెళ్ళి తలుపు తడితే తెరుచుకుంది. లోపల ఒక పెద్దమనిషి ఇస్త్రీ చొక్కాతో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆయన స్వయం తయారీ విభాగాధికారి. విభాగం పెట్టి పదకొండేళ్ళయింది. ఆరు రబ్బరు ముద్రలు, రెండు సిరా డబ్బాలు, ఒక బీరువా ఇచ్చారు. దరఖాస్తు మాత్రం ఒక్కటీ రాలేదు. వీళ్ళను చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. కళ్ళు చెమర్చాయి.

“రండమ్మా, కూర్చోండి. మీ పని ఇంకెవరికీ అప్పగించను, నేనే దగ్గరుండి చూసుకుంటాను. ఒక్క నిబంధన కూడా వదలను,” అన్నాడు. (ఆయన దీన్ని సాయం చేస్తానని మాటివ్వడం అనుకున్నాడు.)

పట్టాను బల్ల మీద పరిచి, అద్దాలు పెట్టుకుని, స్కేలుతో కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. ఆయన ముఖం వాడిపోయింది.

“గుడారం నేల కొలతకీ, దీనికీ తేడా ఉందమ్మా. చుట్టూ రెండు వేళ్ళు లోటు.”

వదిన వాన నీళ్ళ సంగతి వివరంగా చెప్పింది. ఆయన ఎంతో శ్రద్ధగా విని, బొమ్మ కూడా వేసుకున్నాడు. “చాలా బాగా చెప్పారు. నాకు పూర్తిగా అర్థమైంది. కానీ లోటుకి కారణం ఉండటం వేరు, లోటు లేకపోవడం వేరు. ఇంతకీ ఆ తగ్గిన రెండు వేళ్ళూ ఎక్కడున్నాయి?”

“ఎక్కడుంటాయి సార్, కోసి పక్కన పడేశాం.”

“అయ్యో, అవి కూడా నేలలో భాగమే కదమ్మా!”

వదిన దేన్నీ పారేసే మనిషి కాదు కాబట్టి బతికిపోయింది. కొక్కేల డబ్బాకి చుట్టి ఉంచిన ఆ కోత ముక్కల్ని మర్నాడు తెచ్చి ఇచ్చింది. ఆయన వాటిని కవర్లో పెట్టి, లక్కతో సీలు వేసి, “లోటు: లభ్యం” అని రాసి, బీరువాలో దాచాడు. ఆ బీరువాలోకి వెళ్ళిన మొదటి వస్తువు అదే. తాళం వేశాక కాసేపు అలాగే దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

అయిదో తారీఖున కర్మాగార తనిఖీ. కర్మాగారం అంటే వదిన ముందుగది. ఆయన తలకి హెల్మెట్టు పెట్టుకుని వచ్చాడు, వీళ్ళకోసం కూడా రెండు తెచ్చాడు. వంటింటి తలుపు మీద “అత్యవసర ద్వారం” అని కాగితం అంటించాడు. కాఫీ కోసం అటు వెళ్ళబోయిన అన్నయ్యను, అత్యవసరం ఏమిటో రాసి సంతకం పెట్టమన్నాడు. అన్నయ్య “కాఫీ” అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత కార్మికుల సంక్షేమం దగ్గరికి వచ్చారు.

“కార్మికులు ఎంతమంది?”

“నేనొక్కదాన్నే సార్.”

“యజమాని?”

“అదీ నేనే.”

“యజమాని మీద కార్మికులకు ఫిర్యాదులేమైనా ఉన్నాయేమో కనుక్కోవాలి. యజమాని ఎదురుగా ఉంటే వాళ్ళు నోరు విప్పరు. మీరు కాసేపు ఆ హోదాలో వరండాలో నిలబడండమ్మా.”

వదిన వెళ్ళి వరండాలో నిలబడింది. ఆయన ఖాళీ గదిని ఉద్దేశించి, భయపడకుండా చెప్పమని రెండుసార్లు అడిగాడు. ఎవరూ ఏమీ అనకపోవడంతో ఫిర్యాదులు లేవని రాసుకున్నాడు.

తనిఖీ అయ్యాక బూట్లు విప్పి, పట్టా మీద నడుం వాల్చి చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. “హాయిగా ఉందమ్మా. నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను కొండ మీదికి ఒక్కసారీ వెళ్ళలేదు. మా విభాగానికి పైన పని పడితే కదా.”

ఆడపడుచుకి ఆయన మీద జాలేసింది. కుర్చీ దగ్గరగా లాక్కుని ఆఖరి స్టాపు గురించి, చెరువన్నాయన గురించి, గడ్డన్నావిడ గురించి, తన మోకాలి గురించి, ఇరవై రెండో తారీఖు గురించి అంతా చెప్పింది. ఆయన లేచి కూర్చున్నాడు. “అటువైపు ఏముందో నిజంగా ఎవరికీ తెలీదా?” అని అడిగాడు. తెలీదంది. ఆయన చాలాసేపు ఆలోచనలో పడిపోయాడు.

బరువు తూచే కార్యక్రమం తొమ్మిదో తారీఖున పెట్టారు. మండలి వారి త్రాసు పెద్ద పెద్ద సామాన్ల మూటలకోసం కొన్నది, అరకిలో లోపున్న దేన్నీ అది గుర్తించదు. పట్టా పెడితే సున్నా చూపించింది. తిరగేసి పెడితే కూడా సున్నాయే.

“చూశారా, ఎంత తేలికో!” అని వదిన మురిసిపోయింది. తర్వాత తెలిసింది, మురవాల్సిన సంగతి కాదని.

“బరువు సున్నా అంటే వస్తువు లేనట్టే లెక్కమ్మా. లేని వస్తువుని మోస్తున్నట్టు ప్రకటిస్తే తప్పుడు ప్రకటన,” అన్నాడాయన, బాధగా.

“మా వంటింటి త్రాసు తెస్తాను సార్, అందులో చక్కగా చూపిస్తుంది.”

“ప్రైవేటు త్రాసు ఒప్పుకోరు. ఉండండి, మీ పని ఆగనివ్వను.” ఆయన కాగితం మీద లెక్కలు వేసి, ఆనందంతో బల్ల మీద చరిచాడు. “ఇలాంటివి ఎనిమిది చెయ్యండి! ఎనిమిదీ కలిపి పెడితే అరకిలో దాటుతుంది. వచ్చినదాన్ని ఎనిమిదితో భాగిస్తాను.”

వదిన ఆడపడుచు వంక చూసింది. ఆమె మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఆశగా తననే చూస్తోంది. ఆ చూపు చూశాక కాదనడం ఎవరి తరం? రెండు రోజులు పరదాల పని పక్కన పడేసి, వదిన ఏడు పట్టాలు కోసి, మూలలు మడిచి, ఇరవై ఎనిమిది నాడాలు కుట్టింది. మెడ పట్టేసింది. (ఈసారి కోత ముక్కల్ని అడక్కముందే కవర్లో పెట్టి ఇచ్చింది. అంటే అప్పటికే ఆమె సగం ప్రభుత్వోద్యోగి అయిందన్నమాట.)

పన్నెండో తారీఖున ఎనిమిదీ త్రాసెక్కాయి. అరకిలో అని చూపించింది. భాగిస్తే ఒక్కోటి అరవై రెండున్నర గ్రాములు. అయిదున్నర గ్రాములు ఎక్కడికి పోయాయని వదిన అడగలేదు, లోటు కింద మళ్ళీ ఏం మొదలవుతుందోనని. ఆయన ముద్ర వేశాడు. ఇద్దరికీ ఊపిరి వచ్చింది.

“అయిపోయింది కదా సార్?”

“అయిపోయినట్టే. ఒక్కటి మిగిలింది. ఎనిమిది తయారు చేశారు కాబట్టి ఇది టోకు ఉత్పత్తి కిందికి వచ్చింది. టోకు ఉత్పత్తికి క్షేత్ర పరీక్ష తప్పనిసరి. ఒక అధికారి కొండ మీద పడుకుని చూడాలి. ఒక్కో పట్టాకి ఒక్కో రాత్రి.”

ముందుగా ఆడపడుచు తేరుకుంది. “ఎనిమిది రాత్రులా?”

“పద్నాలుగు నుంచి ఇరవై ఒకటి దాకా. ఇరవై రెండున నివేదిక, ఆమోదం. అన్ని రాత్రులూ నేనే వెళ్తాను, ఇంకెవర్నీ నమ్మను,” అన్నాడు ఆయన, ఛాతీ మీద చెయ్యి వేసుకుని.

“సార్, ఎనిమిదీ ఒక్కలాంటివే! ఒకటి చూస్తే చాలదా?” అంది వదిన.

“ఒక్కలాంటివే అని తేలాలంటే చూడాలి కదమ్మా.”

“మిగతా ఏడూ ఇక్కడే చింపేస్తాను.”

“అది ఉత్పత్తి ధ్వంసం. దానికి విచారణ మూడు నెలలు.”

“పోనీ ఆ పరీక్షేదో మేమే పడుకుని చేస్తాం సార్!”

“తయారీదారు తన సరుకుని తాను పరీక్షించుకుంటే పక్షపాతం కాదా?”

“నేను తయారు చెయ్యలేదు సార్, వాడుకునే మనిషిని. నేను పడుకోవచ్చు కదా?” అంది ఆడపడుచు.

“వాడుకునేవారు ఆమోదం వచ్చాకే వాడాలమ్మా. మీ భద్రత నాకు ముఖ్యం.” ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది.

ఫోను మోగింది. యాప్ నుంచి సందేశం: “పద్నాలుగు నుంచి ఇరవై ఒకటి వరకు శిఖరం మండలి అవసరాలకు కేటాయించబడినది. మీ పదిహేనవ తేదీ స్థలం రద్దయినది. అసౌకర్యానికి చింతించకండి.”

బయటికొచ్చి బస్‌స్టాపులో నిలబడ్డారు. వదినకి అరికాలి మంట నెత్తికెక్కింది. “గేటుకి అవతల కంచెకి పెద్ద కంత ఉందట, ఆ ఫోటోగ్రాఫరే చెప్పాడు. రేపు పొద్దున్నే వెళ్ళిపోదాం పద. రేపు రాత్రికి పైన ఎవరూ ఉండరు. షాపు పట్టా కొందాం, నేనే మోస్తాను. కూలి అంటే కూలే. ఎవడేం చేస్తాడో చూస్తాను!”

ఆడపడుచు వచ్చిన బస్సుని ఒకదాన్ని వదిలేసింది.

“టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ళని చాలామందిని చూశాను వదినా. సీట్లో కూర్చుంటారు గానీ, కిటికీలోంచి బయటికి చూడరు. దారిపొడుగునా నన్నే చూస్తుంటారు. నేనక్కడికి వెళ్ళాలనుకున్నది చూడ్డానికి కదా.”

వదినకి ఏడుపొచ్చింది. ఆ యాప్‌లో మొదటి పేరు తానే నొక్కేసి ఉంటే బాగుండేదని, ఈ పిచ్చిదాని మాట విన్నందుకు తనను తాను తిట్టుకుంది. ఆ పిచ్చిది అంతకంటే వేరేలా ఉంటే తనకింత ముద్దొచ్చేది కాదని కూడా ఆమెకి తెలుసు. తర్వాతి బస్సు రాగానే చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు ఉదయం వార్డులో, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఆడపడుచు పడుకుని ఉంది. వదిన పక్కన కూర్చుని పళ్ళరసం తాగమని పోరుతోంది. ఫోను మోగింది. తెర మీద మళ్ళీ కాగితపు పూలు రాలాయి. ఆమోదం వచ్చింది, దానితో పాటు ఎనిమిది ఫొటోలు.

“ఫొటోలా? ఇటివ్వు, ఇటివ్వు!” అని ఆడపడుచు లేవబోయి, అబ్బా అని మళ్ళీ పడుకుంది.

మొదటి ఫొటోలో విభాగాధికారి పట్టా నడిమధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తెల్లవారి ఎండ ముఖం మీద పడుతోంది. ఆయన వెనకే కొండ అంచు, దాని అవతల అటువైపు. సరిగ్గా అక్కడికి ఆయన తల అడ్డొచ్చింది. రెండో ఫొటోలో పడుకుని ఉన్నాడు గానీ, ఆ పూట మంచు కమ్మేసింది. మూడోదాంట్లో రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు. ఆడపడుచు వేళ్ళతో ఫొటోని పెద్దది చేసి, ఆయన చంక కిందినుంచి ఏమైనా కనపడుతుందేమోనని చూసింది. చొక్కా కనపడింది. ఎనిమిదోదాకా వెళ్ళింది. రోజురోజుకీ ఆయన ముఖం నున్నబడి, కళకళలాడుతోంది. పదకొండేళ్ళు చిన్నవాడైనట్టున్నాడు.

“ఈయన కాస్త పక్కకి జరిగితే ఏం పోయింది వదినా?” అంది ఆడపడుచు.

వదిన ఫోను లాక్కుని నివేదిక పైకి చదివింది. “ఎనిమిది రాత్రులూ పట్టా మీదికి తడి రాలేదు. ఎనిమిదింటినీ కలిపి పైకి మోసినా బరువు తెలియలేదు. పరీక్షాధికారికి ఇంత సుఖమైన నిద్ర ఇదివరకెన్నడూ పట్టలేదు. రెండు వేళ్ళ లోటు వాన కురిసిన రాత్రి ఎంతో ఉపకరించినందున, ఇకమీదట అన్ని పట్టాలకూ దీనిని తప్పనిసరి చేయడమైనది. మోకాళ్ళ నొప్పులు ఉండి కొండ ఎక్కదలచిన వారికి ఈ పట్టా ప్రత్యేకంగా సిఫార్సు చేయడమైనది.”

ఆడపడుచుకి నవ్వాగలేదు. నవ్వితే కాలు లాగుతుంది, లాగితే ఇంకా నవ్వొస్తుంది. పక్క మంచాలవాళ్ళు తలలెత్తి చూశారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, కాసేపటికి మెల్లిగా అడిగింది.

“అటువైపు ఏముందో రాశాడా వదినా?”

వదిన వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్ళింది. ఆరో పేజీలో దానికొక గడి ఉంది. “శిఖరము నుండి ఆవలివైపు దృశ్యము” అని అచ్చు వేసి ఉంది, ఎదురుగా ఆయన గుండ్రటి చేతిరాతతో నింపి, ముద్ర కూడా వేశాడు.

“వర్తించదు.”